తోటి నివాసి చేతి దెబ్బ

వృద్ధులు కలిసి నివసించు గృహములలో ఒక ముదుసలి మఱియొక ముదుసలిని కొట్టినప్పుడు, దానిని దౌర్జన్యమని పిలుచుటకు మన మనస్సు సులభముగా అంగీకరింపదు. కొట్టినవారికి మతి స్థిమితము లేదనియు, దెబ్బ తిన్నవారు రేపటికి మఱచిపోవుదురనియు, ఇద్దఱును ఎనుబదియేండ్లు దాటినవారే కాబట్టి ఇది పసిపిల్లల జగడము వంటిదే యనియు సరిపెట్టుకొని, నెత్తురు తుడిచి, పక్కబట్టలు మార్చి, ఎవరి పనిలో వారు పడుట అనేక దేశములలో జరుగుచున్నదే. ఈ సరిపెట్టుకొనుటయే ఈ వ్యాసమునకు విషయము. ఏలయన, అట్లు సరిపెట్టుకొన్న ప్రతి దినమును దెబ్బ తిన్నవారికి రక్షణ లేదు. అంతకంటె విచారింపదగినది, కొట్టినవారికి చికిత్సయు లేదు.

ఈ విషయమును గుఱించి శాసనములును పరిశోధనలును విస్తారముగా నున్న దేశము అమెరికా గనుక, అచ్చటి సంగతులనే ప్రధానముగా వివరింతును. మన పట్టణములలో నర్సింగ్ హోమనగా చిన్న ప్రైవేటు ఆసుపత్రి; అమెరికాలోనన్ననో, తమంతట తాము స్నానభోజనాదులు చేసికొనలేని వృద్ధులును, దీర్ఘవ్యాధిగ్రస్తులును నెలల తరబడి, ఏండ్ల తరబడి, తఱచుగా మరణపర్యంతము నివసించు గృహము. అట్టివి ఆ దేశమున సుమారు 15,000 కలవు. వానిలో నివసించువారు 12 లక్షలకు పైబడియున్నారు. వీరిలో ఇంచుమించు సగము మంది అల్జీమర్స్ గాని, అట్టి మఱియొక డిమెన్షియా గాని కలవారు. అరువదియేండ్లు తన ఇంటికి తానే యజమానిగా జీవించిన మనుష్యుడు, జీవితపు చివరి అంకమున, మునుపెన్నడును చూచి యెఱుగని మఱియొక వృద్ధునితో ఒకే గదిలో, మధ్య ఒక పరదా మాత్రమే అడ్డముగా, పగలును రాత్రియు గడుపవలసి వచ్చును. ఆ రెండవ మనుష్యుని అతడు ఎన్నుకొనలేదు. ఆతని నుండి తప్పించుకొని పోవుటకు కాళ్లలో శక్తియు లేదు.

ఇట్టి గృహములలో నివాసుల నడుమ జరుగు దౌర్జన్యము ఎంత యను ప్రశ్నకు చిరకాలము సరియైన సమాధానము లేకుండెను. ఉద్యోగులు నివాసులను బాధించుటను గుఱించియే సంఘము ఆలోచించెను, శాసించెను, శిక్షించెను. కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన కార్ల్ పిల్లెమర్, మార్క్ లాక్స్, వారితో కలిసి పనిచేసిన జీన్ టెరెసి మొదలగువారు న్యూయార్క్ రాష్ట్రమునందలి 10 నర్సింగ్ హోములలో 2,011 మంది నివాసులను గుఱించి సమాచారము సేకరించిరి. గృహముల రికార్డులను మాత్రమే నమ్మక, నివాసులనడిగి, ఉద్యోగులనడిగి, తాము స్వయముగ పరిశీలించి, అన్నింటిని సరిపోల్చిరి. 2016లో ప్రకటితమైన ఆ పరిశోధనలో తేలినదేమనగా, కేవలము నాలుగు వారముల వ్యవధిలో 407 మంది, అనగా నూటికి 20.2 మంది, తోటి నివాసి వలన ఏదో ఒక విధమున బాధింపబడిరి. అన్నిటికంటె అధికము తిట్లు, బెదిరింపులు. తరువాత కొట్టుట, నెట్టుట, గదిలో చొరబడి వస్తువులు తీసికొనుట. సంఖ్యలో స్వల్పమైనను ఘోరమైనవి లైంగికమైనవి. అంతగా వ్యాధిపీడితులు కానివారు నివసించు అసిస్టెడ్ లివింగ్ గృహములలో సైతము, 2024లో వెలువడిన మఱియొక పరిశోధన ప్రకారము, 930 మందిలో నూటికి 15.2 మంది ఒక నెలలో ఇట్టి అనుభవమునకు గురియైరి. అయిదుగురిలో ఒకరికి, అదియును ఒక్క నెలలో జరుగునది, అపూర్వమైన విపరీతమని యెవరును అనలేరు. అది ఆ గృహముల దైనందిన జీవితమే.

కారణములను వెదకినచో, దుర్మార్గము కంటె దుఃఖమే తఱచుగా కనబడును. డిమెన్షియా గల ఒకరు తన ఇంటిని వెదకుకొనుచు నడవలో తిరిగి తిరిగి, తలుపు తెఱచియున్న ఒక గదిలో ప్రవేశించి, అది తనదే యనుకొని, మంచముపై నున్న వ్యక్తిని దిగిపొమ్మని లాగును. మంచముపై నున్నవారికో, అర్ధరాత్రి ఒక అపరిచితుడు తన దుప్పటి లాగుచున్నాడు! ఇద్దఱి దృష్టిలోను తానే ఆత్మరక్షణ చేసికొనుచున్నవాడు. భోజనశాలలో తాను నిత్యము కూర్చుండు కుర్చీలో మఱియొకరు కూర్చుండుట, టెలివిజను ధ్వని, ఒకరికి చలి యగు కిటికీగాలి మఱియొకరికి ప్రాణమగుట, ఎదుటివారు ఒకే మాటను ఎడతెగక అరచుట, వీనిలో ఏ ఒక్కటియైనను చాలును. సాయంకాలమగుకొలది కలవరము అధికమగుట ఈ వ్యాధికి సహజలక్షణము. ఉద్యోగులు మారు వేళయు, భోజనపు తొందరయు అప్పుడే తటస్థించును.

ఇంకను లోతుగా చూచినచో, మాటలలో చెప్పుకొనలేని శరీరబాధ బయటపడును. మూత్రనాళములలో వ్యాధి సంక్రమించినను, మలబద్ధకము కలిగినను, పంటినొప్పి పుట్టినను, దాహమైనను, భాష కోల్పోయిన మనుష్యునకు మిగిలిన భాష చేయి విసరుటయే. ఈ విషయమును చిరకాలముగా అధ్యయనము చేయుచున్న ఈలాన్ కాస్పీ యను పరిశోధకుడు, ఇట్టివారికి హింసాపరులను ముద్ర వేయుట తప్పనియు, తీరని అవసరములలో ఈ ప్రవర్తనకు మూలమును వెదకవలెననియు వాదించుచున్నాడు. నా మనస్సునకు ఈ వాదము పూర్తిగా సమ్మతము. ఐనను దీనిని సాకుగా చేసికొని, నిందింపదగినవాడు లేడు గనుక తెలుపదగినదియు లేదని కొందఱు గృహాధికారులు చేయు సిద్ధాంతమును మాత్రము నేనంగీకరింపను. ముదుసలి యెముకకు నెట్టినవారి ఉద్దేశముతో పనిలేదు. ఆస్ట్రేలియా నర్సింగ్ హోములలో 2000 నుండి 2013 వఱకు తోటి నివాసుల వలన సంభవించిన 28 మరణములను అచ్చటి పరిశోధకులు మరణవిచారణ రికార్డుల నుండి వెలికితీసిరి. ఆ సంఘటనలలో పాల్గొన్నవారిలో నూటికి దాదాపు 90 మంది డిమెన్షియా కలవారు. చాలవఱకు జరిగినది ఇంతమాత్రమే: ఒకరు నెట్టిరి, ఒకరు పడిరి. కెనడాలో టొరంటో నగరపు కాసా వెర్డే గృహమున 2001 జూన్‌లో, డిమెన్షియా గల ఒక వృద్ధుడు చేర్చుకొనబడిన కొన్ని గంటలలోనే ఇద్దఱు తోటి నివాసులు ఆతని చేతిలో మరణించిరి. 2005లో ముగిసిన మరణవిచారణలో జ్యూరీ 85 సిఫారసులు చేయవలసి వచ్చెను.

అమెరికా శాసనము ఈ విషయమున ఏమి చెప్పుచున్నదో ఇక చూతము. 1987లో చేయబడిన నర్సింగ్ హోముల సంస్కరణ చట్టము, నివాసికి దౌర్జన్యము నుండి విముక్తుడై జీవించు హక్కు కలదని ప్రకటించెను. ఆ దౌర్జన్యము ఎవరి చేతిదైనను కావచ్చును. ఉద్యోగిది కావచ్చును, బంధువుది కావచ్చును, తోటి నివాసిది కావచ్చును. చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వము చేసిన నియమములు 2016లో సమగ్రముగ సవరింపబడినప్పుడు, దౌర్జన్యమునకు నిర్వచనమునందలి ఒక చిక్కును మిక్కిలి వివేకముతో విడదీసిరి. దౌర్జన్యము బుద్ధిపూర్వకమైనదిగా నుండవలెను. కాని బుద్ధిపూర్వకమనగా, ఆ పనిని చేయవలెనని చేయుటయే గాని, గాయపఱచవలెనను తలంపు ఉండుట కాదు. అనగా, వణకుచు తూలిపడి ఒకరికి తగిలిన చేయి దౌర్జన్యము కాదు. ఎదుటివారిని కొట్టుటకే యెత్తిన చేయి, ఎత్తినవారికి డిమెన్షియా యున్నను, దౌర్జన్యము కావచ్చును. వ్యాధి పేరు చెప్పినంతమాత్రమున సంఘటన రికార్డు నుండి తొలగిపోదు.

ఆ నియమముల ప్రకారము, దౌర్జన్యము జరిగెనను ఆరోపణ గాని, తీవ్రమైన శరీరగాయము గాని యున్నప్పుడు, గృహము ఆ సంగతిని వెంటనే, 2 గంటలు మించకుండ, తన పాలనాధికారికిని రాష్ట్రప్రభుత్వపు తనిఖీ సంస్థకును తెలుపవలెను. దౌర్జన్యముగాని తీవ్రగాయముగాని లేని ఇతర సంగతులకు గడువు 24 గంటలు. తరువాత విచారణ జరిపి, 5 పనిదినములలో ఫలితమును నివేదింపవలెను. విచారణ జరుగుచుండగనే నివాసులకు మరల హాని కలుగకుండ కాపాడవలెను. 2010లో వచ్చిన ఎల్డర్ జస్టిస్ చట్టము మఱియొక అడుగు ముందుకు వేసెను. నేరము జరిగినదని సహేతుకమైన అనుమానము కలిగినచో, గృహయజమాని మొదలు ఉద్యోగి, కాంట్రాక్టరు వఱకు ప్రతి యొక్కరును ఎవరికి వారే స్వయముగ పోలీసులకును రాష్ట్ర తనిఖీ సంస్థకును తెలుపవలెను. పై అధికారికి చెప్పితినన్నంతమాత్రమున బాధ్యత తీఱదు. తెలిపినందుకు ఉద్యోగిపై కక్ష సాధించు గృహమునకు జరిమానా కలదు.

ఇచ్చట పాఠకుడు గమనింపవలసిన సూక్ష్మము ఒకటి కలదు. శాసనము అడుగుచున్నది రుజువును కాదు, అనుమానమును. చేతిమీద కమిలిన గుర్తు కనబడినది, ఆ గది వైపు పోవుటకు తల్లి భయపడుచున్నది, రాత్రి ప్రక్కగదిలో కేకలు వినబడినవి. ఇంతవఱకు తెలిసిన మనుష్యుడు, తక్కినది తానే పరిశోధించి తేల్చుకొని పిదప చెప్పెదనని ఆగనక్కఱలేదు, ఆగరాదు. నిజానిజములు తేల్చుటకు వేఱే యంత్రాంగము కలదు. దీనిని గ్రహింపకపోవుటవలననే సహృదయులైనవారు సైతము మౌనము వహించుచున్నారు. ఆధారము లేక ఒక రోగిని నేరస్థునిగ చేసితిమా యను శంక వారిని పీడించును. కాని, నివేదన యందు ప్రశ్నింపబడునది ఆ రోగి కాదు. అతడు పూర్వమొకసారి చేయి చేసికొన్నప్పుడు కారణమేమని వెదకితిరా, వైద్యుని పిలిచితిరా, ఆ ఇద్దఱిని ఒకే గదిలో ఏల ఉంచితిరి, ఆ రాత్రి ఎందఱు ఉద్యోగులుండిరి యని ప్రశ్నింపబడునది గృహము.

మౌనము వ్యక్తులలో మాత్రమే కాదు, లెక్కలలోను కలదు. నర్సింగ్ హోములు ప్రతి నివాసిని గుఱించి ప్రభుత్వమునకు పంపు నిర్ణీత పత్రములో, ఆ నివాసి ఇతరులపై చేయి చేసికొనెనా యను ప్రశ్న కలదు గాని, ఆ ఇతరులు ఉద్యోగులా, తోటి నివాసులా యని వ్రాయుటకు చోటు లేదు. అమెరికా కాంగ్రెసు తరఫున ప్రభుత్వ లెక్కలను పరీక్షించు సంస్థ 2019లో ఇచ్చిన నివేదికలో, గృహములపై దౌర్జన్యమునకు సంబంధించి నమోదైన లోపములు 2013లో 430 ఉండగా 2017 నాటికి 875 ఐనవని చూపెను. ఆ దౌర్జన్యము చేసినవారు ఏ తరగతివారో ప్రభుత్వపు సమాచారమునుండి సులభముగ తెలియుటలేదని కూడ తప్పు పట్టెను.

ఆస్ట్రేలియా దేశపు అనుభవము ఇంతకంటెను బోధకము. అచ్చట 2007 నుండి నిర్బంధ నివేదన నియమముండెను. కాని కొట్టినవారు మతిక్షీణత నిర్ధారితమైన నివాసులైనచో, 24 గంటలలో వారి ప్రవర్తనకు తగిన ఏర్పాటు చేసితిమని గృహము చూపిన పక్షమున, ప్రభుత్వమునకు తెలుపనక్కఱలేదని మినహాయింపు పెట్టిరి. ఉద్దేశము మంచిదే కావచ్చును. వ్యాధిగ్రస్తులను పోలీసుల చేతులలో పెట్టకూడదని తలంచియుందురు. ఫలితము మాత్రము, సంఘటనలలో ఒక పెద్ద భాగము ప్రభుత్వము కంటికి అందకుండ పోవుట. వృద్ధసంరక్షణపై నియమింపబడిన రాయల్ కమిషను తన తుది నివేదికను 2021లో సమర్పించెను. అదే సంవత్సరము ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త విధానములో ఆ మినహాయింపును తీసివేసిరి. ఇప్పుడు తీవ్రమైన సంఘటనలను, చేసినవారి మానసికస్థితితో నిమిత్తము లేకుండ, 24 గంటలలో తెలుపవలెను. పదునాలుగేండ్లు పట్టినను ఆ దేశము తన నియమమును దిద్దుకొన్నది. తక్కిన దేశములకు అన్నియేండ్లు పట్టనక్కఱలేదు.

నివేదించినచో కొట్టిన వృద్ధుని గతి యేమగునను ప్రశ్నను నేను తేలికగా త్రోసివేయను. అది న్యాయమైన భయమే. కొన్ని గృహములు ఇట్టివారిని ఆసుపత్రికి పంపి, మరల చేర్చుకొనుటకు నిరాకరించును. మఱికొన్ని మత్తుమందులతో నిద్రపుచ్చును. అమెరికాలో ఈ రెండింటికిని శాసనపు అడ్డుకట్ట కలదు. నివాసిని పంపివేయుటకు నియమములలో చెప్పిన కారణములుండవలెను, వ్రాతమూలముగ నోటీసు ఇయ్యవలెను, దానిపై అప్పీలు చేసికొను హక్కు ఆతనికి కలదు. డిమెన్షియా గల వృద్ధులకు యాంటీసైకోటిక్ తరగతి మనోవ్యాధుల మందులనిచ్చుట మరణావకాశమును పెంచునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కొన్నిటికిని, 2008లో తక్కినవానికిని తన తీవ్రతమమైన హెచ్చరికను జతచేసెను. ఉద్యోగుల సౌకర్యము కొఱకు మందుతో మనుష్యుని కట్టివేయుట నిషిద్ధము. నొప్పి యేదో కనిపెట్టుట, గది మార్చుట, తలుపుపై ఆతని యౌవనపు ఛాయాచిత్రమునుంచి తన గదిని గుర్తుపట్టునట్లు చేయుట, సాయంకాలము తోడుగా నొక మనిషిని కూర్చుండబెట్టుట, ఇవి నిజమైన చికిత్సలు. వీనికి ధనము కావలెను, మనుష్యులు కావలెను. సంఘటన రికార్డులో లేనప్పుడు ఆ ధనమును, ఆ మనుష్యులను అడుగుటకు ఎవరికిని ఆధారముండదు.

అమెరికాలో కుటుంబమువారు ఏమి చేయవలెను? ప్రాణాపాయమున్నచో 911కు ఫోను చేయుట మొదటిది. తరువాత గృహపాలనాధికారికి వ్రాతమూలముగ తెలుపవలెను: తేది, వేళ, చోటు, ఎవరు చూచిరి, ఏ మాటలు పలికిరి, దెబ్బ ఎచ్చట తగిలెను. ఊహలను, విశేషణములను విడిచి, చూచినది చూచినట్లు, వినినది వినినట్లు వ్రాయవలెను. గాయముల ఛాయాచిత్రములు తీసికొనవలెను. లైంగిక దౌర్జన్యమని అనుమానమైనచో, దయతోనే యైనను స్నానము చేయింపరాదు, బట్టలు మార్పరాదు; వైద్యపరీక్షకు సాక్ష్యము వానిలోనే యుండును. గృహము తెలిపినను తెలుపకున్నను, రాష్ట్ర తనిఖీ సంస్థకు ఎవరైనను నేరుగ ఫిర్యాదు చేయవచ్చును. పేరు చెప్పకయు చేయవచ్చును. మన తెలుగువారు వేలకొలదిగా స్థిరపడిన టెక్సాస్ రాష్ట్రములోనైతే, వృద్ధునిపై దౌర్జన్యము జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న ప్రతి మనుష్యుడును తెలిపి తీఱవలెనని రాష్ట్రచట్టమే శాసించుచున్నది.

ప్రతి రాష్ట్రమునను నివాసుల పక్షమున మాటలాడుటకు అంబుడ్స్‌మన్ కలడు. ఇది 1970 దశకమున ఆరంభమై, 1978 నుండి అన్ని రాష్ట్రములకు నిర్బంధమైన వ్యవస్థ. సమీపమున నున్నవారి వివరములు 1-800-677-1116 అను ఎల్డర్‌కేర్ లొకేటర్ నంబరు వలన తెలియును. ఐతే అంబుడ్స్‌మన్ నివాసి సమ్మతి లేక ఆతని వివరములను బయటపెట్టరాదు. కావున ఆతనికి చెప్పుట పోలీసులకో తనిఖీ సంస్థకో చెప్పినట్లు కాదు. ఆతడు సలహాదారు, తోడు. ఫిర్యాదు వేఱుగా చేయవలెను.

డిమెన్షియా ముదిరినకొలది, తరువాత నేర్చిన భాషలు ముందుగా జారిపోయి మాతృభాష మిగులుట తఱచుగా జరుగును. అమెరికాలో బిడ్డల యొద్దకు పోయి, అచ్చటనే వృద్ధులై, అట్టి గృహమున చేరిన తెలుగు తల్లి, తన్నెవరు కొట్టినదియు తెలుగులో చెప్పినచో వినువారెవరు? అట్టివారి విషయమున బిడ్డలు తఱచుగా పోవలెను, వేళ మార్చి పోవలెను, సాయంకాలములందు పోవలెను. దుబాసీని ఏర్పాటు చేయుమని గృహమును అడుగవలెను.

మన దేశమున 2007లో చేయబడిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము జిల్లాకొక వృద్ధాశ్రమము, కనీసము 150 మందికి చోటుతో, ఉండవలెనని తలంచినది గాని, ఆశ్రమములోపల ఒక నివాసి వలన మఱియొక నివాసికి హాని కలిగినచో ఎవరు, ఎవరికి, ఎన్ని గంటలలో తెలుపవలెనో చెప్పలేదు. వృద్ధాశ్రమముల రిజిస్ట్రేషన్‌ను ప్రతిపాదించుచు 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు చట్టము కాలేదు. హైదరాబాదులో మొదలై దేశమంతట విస్తరించిన ఎల్డర్‌లైన్ అను వృద్ధుల సహాయవాణి మాత్రము కలదు. దాని నంబరు 14567, ఫోనుకు ఖర్చు లేదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నములలో ప్రైవేటు వృద్ధాశ్రమములు పెరుగుచున్న ఈ కాలమున, మన రెండు రాష్ట్రప్రభుత్వములును లైసెన్సు నిబంధనలలోనే ఈ నివేదన గడువును చేర్చవలెనని కోరుచున్నాను. అంతవఱకు, తల్లినో తండ్రినో ఆశ్రమమున చేర్పబోవు ప్రతి పాఠకుడును, గదుల సౌకర్యమును, భోజనమును అడిగినప్పుడే, ఇచ్చట ఒకరినొకరు కొట్టుకొన్నచో మీరు ఎవరికి తెలుపుదురు, మాకెప్పుడు తెలుపుదురు అని కూడ అడిగి, ఆ సమాధానమును వ్రాతమూలముగ తీసికొనుడు.